కృత్యంతో సైన్స్ పాఠం: ప్రణాళిక వేయడంలో ఉపాధ్యాయులకు తోడ్పడే మెంటర్ల కోసం

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్స్ చెప్పే ఉపాధ్యాయుల్లో కృత్యాల విలువ తెలియనివారు అరుదు. అయినా వారి పాఠ్య ప్రణాళికలు తిరగేస్తే సాధారణంగా కనిపించేవి కృత్యం పేరు, కావలసిన సామగ్రి జాబితా, 'విద్యార్థులు ప్రయోగం చేసి పరిశీలనలు నమోదు చేస్తారు' అనే ఒక వాక్యం, ఆ వెంటనే ఇంటిపని. అటువంటి ప్రణాళికతో తరగతిలోకి వెళ్తే సామగ్రి పంచడానికి, అమర్చడానికి, సర్దడానికే పీరియడ్‌లో చాలా భాగం ఖర్చవుతుంది. పిల్లలు తాము చూసినదాన్ని గురించి ఆలోచించి మాట్లాడవలసిన వేళకు గంట మోగుతుంది. చేతులకు పని దొరికింది కాబట్టి తరగతి ఉత్సాహంగానే ఉంటుంది, అందువల్ల లోటు ఎవరికీ వెంటనే కనిపించదు. మెంటరు దృష్టి పెట్టవలసిన చోటు అదే. సామగ్రి పక్కన పెట్టిన తర్వాత వచ్చే పది పన్నెండు నిమిషాల్లో ఏ ప్రశ్న అడగాలి, ఏ సమాధానాలు రావచ్చు, వాటిని పరిశీలనలతో ఎలా ముడిపెట్టాలి అన్నది ఉపాధ్యాయుడి చేత ముందుగానే ఆలోచింపజేయడం మెంటరు పనిలో సగానికి పైగా ఉంటుంది.

మొదటి సమావేశం

మొదటి సమావేశానికి మీకు బాగా వచ్చిన నమూనా పాఠాన్ని తీసుకువెళ్లకండి. ఉపాధ్యాయుడు రాబోయే పది పదిహేను రోజుల్లో ఎలాగూ చెప్పవలసిన పాఠాన్నే ఎంచుకోండి. తన సిలబస్‌లో లేని అందమైన కృత్యం ఎవరికైనా అదనపు భారంగానే తోస్తుంది. చెప్పక తప్పని పాఠాన్ని కొంత మెరుగ్గా చెప్పగలిగితే మాత్రం మరుసటి పాఠానికి వారే మిమ్మల్ని పిలుస్తారు.

మీ పాత్ర గురించి స్పష్టత ఇవ్వవలసింది కూడా ఈ సమావేశంలోనే. మెంటరుకూ తనిఖీ అధికారికీ తేడా లేదని ఉపాధ్యాయుడికి ఏ కొంచెం అనుమానం వచ్చినా ఆ తర్వాత మీరు చూసేవన్నీ మీ కోసం ముస్తాబు చేసిన పాఠాలే అవుతాయి. మీరు రాసుకునే పరిశీలనలు ఉపాధ్యాయుడికే చెందుతాయని, ప్రధానోపాధ్యాయుడికి గాని పై అధికారులకు గాని వెళ్లవని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. ఆ హామీ ఇవ్వగల స్థితిలో మీరు లేకపోతే, ముందుగా యాజమాన్యంతో ఆ విషయం తేల్చుకున్న తర్వాతే పని మొదలుపెట్టడం మంచిది.

ప్రణాళిక గురించిన సంభాషణను మూడు ప్రశ్నల చుట్టూ నడపవచ్చు. పాఠం ముగిసేసరికి పిల్లలు తమ సొంత మాటల్లో ఏ ఒక్క విషయం చెప్పగలగాలి? పాఠానికి ముందు ఆ విషయం గురించి వారు ఏమనుకుంటూ ఉంటారు? ఆ అభిప్రాయాన్ని కదిలించే ఆధారం ఈ కృత్యంలో ఎక్కడ దొరుకుతుంది? మొదటి ప్రశ్నకు 'విద్యుత్ వలయం గురించి తెలుసుకుంటారు' వంటి సమాధానం వస్తే ఒప్పుకోకండి. 'బల్బు వెలగాలంటే సెల్ ఒక కొన నుంచి బల్బు గుండా రెండో కొన దాకా తెగని దారి ఉండాలి' అన్నంత నిర్దిష్టంగా వచ్చేదాకా ఓపిగ్గా అడుగుతూ ఉండండి. రెండో ప్రశ్న దగ్గర చాలామంది ఉపాధ్యాయులు ఆగిపోతారు, ఎందుకంటే పిల్లలకు ఏమీ తెలియదనే ఊహతోనే ఎక్కువ ప్రణాళికలు తయారవుతాయి. నిజానికి పిల్లలు ఖాళీ తలలతో రారు. బరువైన వస్తువులన్నీ మునుగుతాయని, మొక్క తన ఆహారాన్నంతా నేల నుంచే తీసుకుంటుందని, బల్బు దగ్గర కరెంటు ఖర్చైపోతుందని వారికి ముందే గట్టి అభిప్రాయాలు ఉంటాయి. వాటిని పేరుపేరునా ప్రణాళికలో రాయించండి. మూడో ప్రశ్నకు సమాధానం దొరకకపోతే కృత్యాన్నే మార్చవలసి ఉంటుంది.

ఒక పాఠాన్ని దగ్గరగా చూస్తే

ఈ మూడు ప్రశ్నలు ప్రణాళికను ఎలా మారుస్తాయో లోలకం పాఠంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉపాధ్యాయుడు తెచ్చే మొదటి ప్రణాళిక ఎక్కువగా ఇలా ఉంటుంది: దారానికి గుండు కట్టాలి, ఊపాలి, ఇరవై డోలనాలకు పట్టే కాలాన్ని కొలవాలి, ఇరవైతో భాగించాలి, ఆవర్తన కాలం (ఒకసారి అటూ ఇటూ పూర్తిగా ఊగడానికి పట్టే కాలం) రాయాలి. ఇందులో చేతిపని ఉంది గాని పిల్లలు తేల్చుకోవలసింది ఏమీ లేదు. వంట పుస్తకం చూసి వండినట్టు వరుసగా చేసుకుపోతే సరిపోతుంది.

అదే సామగ్రితో మరో ప్రణాళిక వేయించవచ్చు. లోలకం తొందరగా ఊగాలంటే ఏం మార్చాలి అన్న ప్రశ్నతో పాఠం మొదలవుతుంది. బరువు, దారం పొడవు, మొదట ఎంత దూరం లాగి వదిలాం అన్న మూడు సమాధానాలు తరగతి నుంచే వస్తాయి, ఎక్కువమంది బరువు వైపే మొగ్గుతారు. ఒక్కో జట్టు ఒక్కో అంశాన్ని తీసుకుని, మిగతా రెండింటిని మార్చకుండా పరీక్షిస్తుంది. ముందుగా ఎవరికి వారు తమ అంచనాను నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఈ అంచనా రాయించడాన్ని ప్రణాళికలో వదిలివేయనివ్వకండి. రాసుకోని అంచనాను ఫలితం రాగానే పిల్లలు తెలియకుండానే మార్చేసుకుంటారు, 'నేనూ అదే అనుకున్నాను' అనేస్తారు.

ఇక్కడ మెంటరుకు విషయ పరిజ్ఞానం అవసరమవుతుంది. 25 సెంటీమీటర్ల లోలకం పది డోలనాలకు సుమారు 10 సెకన్లు, 50 సెంటీమీటర్లది సుమారు 14 సెకన్లు, ఒక మీటరుది సుమారు 20 సెకన్లు తీసుకుంటుంది. అంటే పొడవు రెట్టింపైతే కాలం రెట్టింపు కాదు, పొడవు నాలుగు రెట్లైతేనే కాలం రెట్టింపవుతుంది. ఈ అంకెలు ఉపాధ్యాయుడికి ముందే తెలిసి ఉంటే ఏ పొడవులు ఇవ్వాలో ఆలోచించి ఎంచుకోగలుగుతాడు. 25, 27, 30 సెంటీమీటర్లు ఇస్తే పది డోలనాల కాలాల మధ్య తేడా అర సెకనుకు అటూ ఇటూగానే ఉంటుంది, స్టాప్‌వాచ్ నొక్కడంలో పిల్లలు చేసే తప్పులో అది కలిసిపోతుంది. 25, 50, 100 ఇస్తే తేడా ఎవరికైనా కనిపిస్తుంది. విలువలను ఎంత ఎడంగా తీసుకోవాలన్నది ప్రణాళికలో చిన్న విషయంగా అనిపించవచ్చు గాని పాఠం నిలబడేదీ పడిపోయేదీ చాలాసార్లు దాని మీదే.

బరువు జట్టు దగ్గర ఇంకో చిక్కు పొంచి ఉంటుంది. బరువు పెంచడానికి పిల్లలు వాషర్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తారు. దానితో బరువుతో పాటు లోలకం పొడవు కూడా పెరుగుతుంది, ఎందుకంటే పొడవును వేలాడదీసిన బిందువు నుంచి బరువు మధ్య భాగం దాకా లెక్కించాలి. ఫలితంగా 'బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుంది' అనే తప్పుడు నిర్ణయం నిజాయితీగా చేసిన ప్రయోగం నుంచే పుట్టుకొస్తుంది. వాషర్లన్నింటినీ ఒకే కొక్కేనికి పక్కపక్కన తగిలించాలని ఉపాధ్యాయుడు ముందే చెప్పేయవచ్చు. లేదా అలాగే చేయనిచ్చి, రెండు జట్ల ఫలితాలు ఎందుకు కలవలేదో తరగతి చేతనే వెతికించవచ్చు. నా దృష్టిలో రెండోదే మెరుగు. అయితే అది ఒక పీరియడ్‌లో తెమలదు, కాబట్టి నిర్ణయం ఉపాధ్యాయుడిదే కావాలి. లాగి వదిలే దూరాన్ని పరీక్షించే జట్టుకు కూడా ఒక హద్దు పెట్టాలి: కోణం చిన్నదిగా ఉన్నంతవరకే కాలం దాదాపు మారదు, 60 డిగ్రీల దాకా లాగి వదిలితే సుమారు 7 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీలకు లోపు ఉంచితే ఈ తరగతులకు సరిపోతుంది.

ముందుగా మీరిద్దరూ చేసి చూడండి

ప్రణాళిక కాగితం మీద ఎంత బాగున్నా, తరగతిలో వాడబోయే సామగ్రితోనే మెంటరూ ఉపాధ్యాయుడూ కలిసి ఒకసారి ప్రయోగం చేయనిదే దాన్ని ఖరారు చేయకూడదు. ఇందుకు అరగంట కేటాయించలేని సమావేశం కన్నా, ప్రణాళిక రాయడం తగ్గించి ప్రయోగం చేసిన సమావేశం ఎంతో ఉపయోగపడుతుంది.

కారణం చెప్పడానికి బల్బు పాఠం చాలు. ఒక సెల్, ఒక తీగ ముక్క, ఒక టార్చి బల్బు ఇచ్చి వెలిగించమనే పాత కృత్యం ఇప్పటికీ చాలా మంచిది. పిల్లలు మొదట బల్బు అడుగు కొనను సెల్‌కు ఆనిస్తారు, తీగను ఎక్కడో ఒకచోట తాకిస్తారు, వెలగకపోతే సెల్ అయిపోయిందంటారు. బల్బుకు అడుగున ఒకటి, పక్కన లోహపు గోడ మీద మరొకటి, మొత్తం రెండు తాకుడు చోట్లు ఉన్నాయని కనిపెట్టడమే ఆ పాఠానికి ప్రాణం. కాని ఈ మధ్య ఫిలమెంటు బల్బులు దొరక్క వాటి బదులు ఎల్‌ఈడీలు తెస్తున్నారు. ఎరుపు ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 1.8 వోల్టులు కావాలి, 1.5 వోల్టుల సెల్ ఒక్కటే దాన్ని సరిగా వెలిగించలేదు; పైగా తీగలు తారుమారైతే ఎన్ని సెల్‌లు పెట్టినా వెలగదు. రెండు సెల్‌లు, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్ ఒకటి చేర్చి పాఠాన్ని నడపవచ్చు గాని అప్పుడది వేరే పాఠం, అడగవలసిన ప్రశ్నలూ వేరు. ఈ సంగతి తరగతి మధ్యలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ముందుగా చేసి చూడడంలో ఇంకో ప్రయోజనం ఉంది: ఉపాధ్యాయుడి సొంత భావనల్లో లోపాలుంటే మొహమాటం లేకుండా బయటపడతాయి. నీళ్ల పళ్లెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీరు పైకెక్కే ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. ఆక్సిజన్ ఖర్చైపోయింది, అది గాలిలో అయిదో వంతు కాబట్టి నీరు అయిదో వంతు ఎక్కింది అనే వివరణ తరతరాలుగా తరగతుల్లో సాగుతోంది. 'మీరు చెప్పింది తప్పు' అని మెంటరు అనవలసిన అవసరం లేదు. ప్రయోగం చేస్తూ, నీరు సరిగ్గా ఎప్పుడు ఎక్కుతోందో చూడమనండి. మంట కాలుతున్నంతసేపూ నీటిమట్టం పెద్దగా కదలదు. మంట ఆరిన తర్వాతే గబగబా ఎక్కుతుంది. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు నుంచి బుడగలు పోవడం కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీరు ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది, గ్లాసులోని ఆక్సిజన్ మాత్రం అంతే. వేడెక్కి వ్యాకోచించిన గాలిలో కొంత బయటికి పోయి, మిగిలినది మంట ఆరాక చల్లబడి సంకోచించడమే ఇందులో ముఖ్య కారణమని ఉపాధ్యాయుడే అంటాడు. ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుందన్న మాటను మీరు చేర్చవచ్చు. ఉపాధ్యాయుడు తానే ఇలా తేల్చుకున్న విషయాన్ని పిల్లల చేత తేల్చించడానికి ఎక్కువ శ్రమ పడనక్కరలేదు, దారి అతనికి తెలిసిపోయింది.

వరుస, సమయం, ప్రశ్నలు

వివరణ ముందా, కృత్యం ముందా అన్న చర్చ ప్రతి ఉపాధ్యాయుడితోనూ వస్తుంది. 1960లలో అమెరికాలో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ కార్‌ప్లస్ తదితరులు రూపొందించిన అభ్యసన చక్రం, దాన్ని విస్తరించి 1980లలో వచ్చిన అయిదు 'ఈ'ల నమూనా (దశల ఇంగ్లీషు పేర్లన్నీ E అక్షరంతో మొదలవుతాయి) రెండూ అన్వేషణను వివరణకు ముందే ఉంచాయి. ఆకర్షించడం, అన్వేషించడం, వివరించడం, విస్తరించడం, మూల్యాంకనం అనే అయిదు గడులున్న పట్టిక మీకు ఎక్కడైనా కనిపించవచ్చు. ఆ పట్టికను నింపించడమే పనిగా పెట్టుకోకండి. అయిదు గడులూ నిండినా మొదటి గడిలోనే ఉపాధ్యాయుడు సూత్రం చెప్పేసి ఉంటే మిగతా నాలుగింటికి అర్థం లేదు. పట్టుకోవలసింది ఒక్కటే: పిల్లలు ముందు అనుభవం పొందాలి, పారిభాషిక పదం ఆ తర్వాత రావాలి. లోలకాన్ని ఊపి, లెక్కపెట్టి, వాదించుకున్న పిల్లలకు 'ఆవర్తన కాలం' అనే పదం అవసరమైన చోట అందుతుంది.

పీరియడ్ 45 నిమిషాలైతే దాన్ని వెనుక నుంచి లెక్కపెట్టమని చెప్పండి. చివర అయిదు నిమిషాలు ప్రతి విద్యార్థీ విడిగా రెండు వాక్యాలు రాయడానికి, దాని ముందు పన్నెండు నిమిషాలు చర్చకు, అయిదు నిమిషాలు సర్దడానికి కేటాయిస్తే పరిచయంతో సహా ప్రయోగానికి 23 నిమిషాలు మిగులుతాయి. కృత్యం ఆ సమయంలో పట్టకపోతే కృత్యాన్ని కుదించాలి, లేదా రెండు పీరియడ్లుగా విడదీయాలి, చర్చను కోయకూడదు. చాలాసార్లు పని తగ్గించవలసింది సామగ్రి దగ్గరే. జట్టుకు కావలసినవన్నీ ముందురోజే ఒక పళ్లెంలో సర్ది ఉంచడం, జట్టుకు నలుగురిని మించకుండా చూడడం, కొలిచేవారు, లెక్కపెట్టేవారు, రాసేవారు, సామగ్రి చూసుకునేవారు అంటూ పని పంచడం వంటివన్నీ అనుభవమున్న ఉపాధ్యాయులకు తెలిసినవే. రాసే పని ప్రతిసారీ ఒకే అమ్మాయికి, పరికరాలు ప్రతిసారీ ఒకే అబ్బాయికి దక్కకుండా మార్చే ఏర్పాటు మాత్రం ప్రణాళికలో రాసి ఉండాలి, లేకపోతే జరగదు.

చర్చ కోసం నాలుగైదు ప్రశ్నలను అక్షరం పొల్లుపోకుండా ప్రణాళికలో రాయించండి. తరగతి మధ్యలో అప్పటికప్పుడు తట్టే ప్రశ్నలు 'అర్థమైందా?', 'కదా?' దగ్గరే ఆగిపోతాయి. 'మీ జట్టు అంకెల్లో ఏది మిగతావాటితో కలవడం లేదు?', 'ఆ జట్టు చెప్పింది నిజమైతే మీ అంకెలు ఎలా ఉండాలి?', 'ఈ ఫలితం చూశాక మీ అంచనాలో ఏది మార్చుకుంటారు?' వంటివి పిల్లలను తిరిగి తమ పట్టిక వైపు చూసేలా చేస్తాయి. ఒక్కో ప్రశ్న కింద రాగల సమాధానాలు రెండు మూడు, వాటికి ఉపాధ్యాయుడు ఏమంటాడో కూడా రాయించండి. ఇది మొదట్లో విసుగు పుట్టించే పని. అయినా ఒక్క పాఠానికైనా పూర్తిగా చేయించాలి.

ప్రశ్న వేశాక ఆగడం కూడా ప్రణాళికలో భాగమే. సైన్స్ తరగతుల ధ్వని ముద్రణలను పరిశీలించిన అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు సగటున ఒక సెకను పాటే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల సమాధానాలు నిడివిలోనూ హేతుబద్ధతలోనూ మెరుగుపడుతున్నాయని 1970లలో చూపారు. అంతకన్నా తక్కువ మంది పాటించేది రెండో విరామం, అంటే విద్యార్థి సమాధానం చెప్పాక ఉపాధ్యాయుడు వెంటనే 'వెరీ గుడ్' అనకుండా ఆగడం. ఆ కాస్త వ్యవధిలోనే మరో విద్యార్థి 'మాకు అలా రాలేదండీ' అంటుంది, అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

భద్రత గురించి ప్రణాళికలో ప్రత్యేకంగా ఒక వరుస ఉండాలి, అది 'జాగ్రత్తలు తీసుకోవాలి' అని మాత్రం ఉండకూడదు. ఆకులో పిండిపదార్థం పరీక్షించేటప్పుడు ఆల్కహాల్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదు, మంట ఆర్పిన తర్వాత వేడినీటి గిన్నెలో ఉంచాలి. సెల్ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపితే తీగ వేడెక్కి చేయి కాలుతుంది. ఫోన్లలో వాడే లిథియం బ్యాటరీలు ఈ కృత్యాలకు పనికిరావు. ఇలా ఆ రోజు ప్రయోగానికి చెందిన ప్రమాదం ఏదో, అది జరిగితే మొదట ఏం చేయాలో పేరు పెట్టి రాయాలి.

తరగతిలో కూర్చున్నప్పుడు, ఆ తర్వాత

పాఠం జరిగేటప్పుడు ఉపాధ్యాయుడిని కాకుండా పిల్లలను చూడండి. ముందే మాట్లాడుకున్న ఒక్క అంశాన్నే గమనించండి. ఒక జట్టు పక్కన కూర్చుని వారి మాటలను వీలైనంతవరకు ఉన్నది ఉన్నట్టు, ఏ నిమిషంలో ఏమన్నారో రాసుకోవడం అన్నింటికన్నా ఉపయోగపడుతుంది. ఏదో తప్పు జరుగుతున్నా మధ్యలో కల్పించుకుని పాఠాన్ని మీరు అందుకోకండి. ప్రమాదం పొంచి ఉన్నప్పుడు తప్ప. పిల్లల ముందు ఒకసారి ఉపాధ్యాయుడి మాటను సరిదిద్దితే, ఆ తర్వాత అతను మీ ఎదుట కొత్తగా ఏదీ ప్రయత్నించడు.

అదే రోజు, వీలు కాకపోతే మరునాడు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. 'పాఠం ఎలా జరిగింది?' అని అడిగితే 'బాగానే జరిగింది' తప్ప వేరే సమాధానం రాదు. అందుకు బదులు పిల్లలు చివర్లో రాసిన రెండేసి వాక్యాల కాగితాలను బల్ల మీద పరిచి, కోరుకున్న విషయం పట్టుబడినవి, సగం పట్టుబడినవి, పట్టుబడనివి అని మూడు కుప్పలుగా ఉపాధ్యాయుడి చేతనే వేయించండి. సగం పట్టుబడిన కుప్పను ముందు తీసుకోండి. 'పొడవు ఎక్కువైతే నెమ్మదిగా ఊగుతుంది, బరువు ఎక్కువైతే కూడా కొంచెం' అని రాసిన విద్యార్థి ఏ జట్టులో ఉన్నాడు, ఆ జట్టు వాషర్లను ఎలా తగిలించింది, చర్చలో వారి అంకెలు బోర్డు మీదికి వచ్చాయా అని వెనక్కి తవ్వుతూ వెళ్తే ప్రణాళికలో మార్చవలసిన చోటు దానంతట అదే తేలుతుంది. మీరు రాసుకున్న జట్టు సంభాషణ అవసరమైంది ఇక్కడే. దాన్ని చదివి వినిపించి, మీ అభిప్రాయాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.

మార్పులను అప్పటికప్పుడే పాత ప్రణాళిక కాగితం మీద వేరే రంగు సిరాతో రాయించండి. కొత్తగా శుభ్రంగా తిరగరాయాలనుకుంటే వచ్చే ఏడాది దాకా ఆ పని జరగదు. సూచనలు ఎన్ని తోచినా ఒక సమావేశంలో ఒకటి, మహా అయితే రెండు మార్పుల దగ్గర ఆగాలి. మిగతావి మీ నోటుపుస్తకంలో ఉంటాయి, తొందరేమీ లేదు.

ఉపాధ్యాయుల మధ్య తేడాలను కూడా గుర్తుంచుకోవాలి. విషయం మీద పట్టు ఉండి తరగతి అదుపు తప్పుతుందని భయపడేవారికి మొదటి పాఠంలో మీరు కలిసి బోధించడం, అంటే ఒకరు చర్చ నడుపుతుంటే ఇంకొకరు జట్ల మధ్య తిరగడం, ధైర్యాన్నిస్తుంది. తరగతిని చక్కగా నడపగలిగి, తమ సబ్జెక్టు కాని పాఠం చెప్పవలసి వచ్చినవారికి, ఉదాహరణకు జీవశాస్త్రం చదివి విద్యుత్తు చెప్పేవారికి, ప్రయోగం ముందుగా చేసి చూసే అరగంటను గంట చేయండి. చాలా ఏళ్ల అనుభవం ఉండి 'ఇవన్నీ మేం చూశాం' అనేవారితో వాదన వద్దు. వారికి బాగా నచ్చిన పాఠాన్నే తీసుకుని, అందులో చర్చకు సమయం ఎంత ఉందో గడియారం పట్టుకుని వారినే చూసుకోమనండి.

మూడు నాలుగు పాఠాలు ఇలా పూర్తయ్యాక మీ పనిని క్రమంగా తగ్గించుకోవాలి. తర్వాతి ప్రణాళికను ఉపాధ్యాయుడు ఒంటరిగా వేసి, ప్రయోగం తానే చేసి చూసి, మీకు పంపితే మీరు చర్చ ప్రశ్నల భాగాన్ని మాత్రమే చదివి ప్రశ్నలు పంపండి. ఆ తర్వాత అదే పాఠశాలలో లేదా చుట్టుపక్కల సైన్స్ చెప్పే ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకరి ప్రణాళికను ఇంకొకరు చదివే ఏర్పాటు చేయవచ్చు. జపాన్‌లో ఉపాధ్యాయులు చాలాకాలంగా ఒకే పాఠాన్ని కలిసి రూపొందించి, ఒకరు బోధిస్తుంటే మిగతావారు గమనించి, కలిసి సవరించుకునే పద్ధతిని పాటిస్తున్నారు. అటువంటి జట్టు ఏర్పడితే మెంటరు ప్రతి సమావేశానికీ రానక్కరలేదు. కొత్త యూనిట్ మొదలయ్యే ముందు, తెలియని పరికరం వాడవలసి వచ్చినప్పుడు పిలిస్తే వెళ్లి, వారితో కలిసి ప్రయోగం చేసి వస్తే చాలు.